ఇంటిపేరు లేని వరుస

మంగళవారం

అత్తయ్యా,

మీ కార్డు ఆఫీసు మీదుగా అందింది. కార్డు మొత్తానికి ఒకటే ప్రశ్న, దాని కింద రెండు ఎర్ర గీతలు. "ఒక్క మాట కోసం కాపురం వదిలేసి వెళ్లావట. ఏమిటా మాట?" అంటే మీ అబ్బాయి మీకు అలా చెప్పారన్నమాట. బాగుంది.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో మీకు సగం వినపడదు, మిగతా సగం మీరు వినరు. అందుకే రాస్తున్నాను. ఎర్ర పెన్ను పక్కన పెట్టుకునే చదవండి, నాకేం అభ్యంతరం లేదు.

ముందు నేనెక్కడున్నానో చెప్తాను, మీకు బెంగ లేకుండా. ఆఫీసుకి నాలుగు వీధుల అవతల, తాళాలు బాగుచేసే అతని కొట్టు పైన ఒక గది అద్దెకి తీసుకున్నాను. పొద్దుట తొమ్మిదికి కింద ఆకురాయి మొదలవుతుంది, ఆరింటికి ఆగుతుంది. కిటికీ తీస్తే ఎదురింటి గోడ, గోడకి ఒక నీళ్ల గొట్టం. ఒక మంచం, ఒక బల్ల, ఒకే కుర్చీ. ఎవరైనా వస్తే మంచం మీద కూర్చోవాలి. ఇంతవరకూ ఎవరూ రాలేదు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక ఆ మాట. "స్టాటిక్". అంతే. మేం రాసిన ప్రోగ్రాంలో ఒక క్లాసు ముందు ఆ మాట ఉండాలి, లేదు. లేకపోబట్టి పోయిన నెల పెద్ద కంటి ఆసుపత్రిలో నంబర్ల బోర్డు మధ్యాహ్నం రెండింటికి బిగుసుకుపోయింది.

మన కంపెనీ బతికేది ఆ ప్రోగ్రాం మీదే అని మీకు తెలుసు. ఆసుపత్రికి వచ్చినవాళ్లు కౌంటరు దగ్గర చీటీ తీసుకుంటారు, బోర్డు మీద తమ నంబరు వెలిగితే లోపలికి వెళతారు. ఆ రోజు బోర్డు నలభై ఆరు దగ్గర ఆగింది. కంట్లో చుక్కల మందు వేయించుకుని, చూపు మసకబారి కూర్చున్నవాళ్లు బెంచీల నిండా ఉన్నారు. వాళ్లకి ఎలాగూ బోర్డు కనపడదు. పక్కవాళ్లని అడుగుతారు, "ఎంతొచ్చింది బాబూ?" అని. "నలభై ఆరు." అరగంటాగి మళ్లీ అడిగితే మళ్లీ నలభై ఆరే. ఒక ముసలాయన తన నంబరు నలభై ఎనిమిది, ఇంకెంత, రెండే కదా అనుకుని సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నాడట. డాక్టరు వెళ్లిపోయాక నర్సు వచ్చి రేపు రమ్మందట. ఆ కళ్లతోనే గోడ పట్టుకుని మెట్లు దిగాడని చెప్పారు.

ఆసుపత్రివాళ్లు సంజాయిషీ అడిగారు. మీ అబ్బాయి రెండు పేజీల రిపోర్టు రాసి పంపారు. దాన్ని నాకు చూపించింది ఆయన కాదు, మా టెస్టరమ్మ. మేం రాసినదాంట్లో తప్పులు వెతకడమే ఆ పిల్ల ఉద్యోగం, అందుకని భూతద్దం అంటాం. ప్రింటరు దగ్గర దొరికిన కాగితం నా బల్ల మీద పెట్టి, "అక్కా, ఇది చదివి నా మీద అరవొద్దు" అంది. రెండో పేజీలో ఉంది. "లోపం ఉన్న భాగం: వరుస. రాసినవారు:" అని, పక్కన నా పేరు. ఇంటిపేరుతో సహా, అక్షరం తప్పు లేకుండా.

అత్తయ్యా, వరుస నేనే రాశాను. పదకొండేళ్ల కిందట రాశాను. ఆయన "క్యూ" అని పెట్టమన్నారు. కాదు, వరుస అని పెడదాం, జనం నిలబడే వరుసా అదే, చుట్టాల వరుసా అదే, ఒక్క మాటకి రెండు పనులు అన్నాను. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత కంపెనీ బోర్డు మీద ఆయన పేరు, కరపత్రాల్లో ఆయన ఫొటో. పోయినేడాది సభలో వేదికెక్కి "నేను వరుస రాసిన కొత్తలో" అని మొదలుపెట్టారు. నేను మూడో వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. గట్టిగానే కొట్టాను. పదకొండేళ్లలో ఏ కాగితం మీదా లేని నా పేరు మొదటిసారి అచ్చులో కనపడింది ఆ రిపోర్టులోనే. భోజనానికి పిలవని మనిషిని కంచాలు కడగడానికి పిలిచినట్టుంది.

కాగితం తీసుకుని ఆయన గదిలోకి వెళ్లాను.

"ఇందులో నా పేరెందుకుంది?"

"ఆ భాగం నువ్వు రాసిందేగా?"

"ఓహో, ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా నేను రాశానని?"

"అబ్బా, మళ్లీ మొదలెట్టకు. వాళ్లు ఎవరు రాశారని అడిగారు, చెప్పాను."

"స్టాటిక్ అనే మాట నేను రాశాను. నాకు బాగా గుర్తు. తీసేసింది మీరు."

ఆయన నా వంక చూసి "నేనా?" అన్నారు. అంతే. అవుననలేదు, కాదనలేదు. ఆ "నేనా?" విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సాయంత్రమే రెండు సంచులు సర్దుకుని బయటికొచ్చేశాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ మొగుడి మీద కోపం అత్తకి ఉత్తరమైంది. ఏమీ అనుకోకండి.

మీ కోడలు


శుక్రవారం

అత్తయ్యా,

మీ రెండో కార్డు కూడా అందింది. "నువ్వు రాసింది బాధే గానీ సంగతి కాదు. క్లాసు అంటే ఏమిటి, ఆ మాట ఉంటే ఏమవుతుంది, లేకపోతే ఏమవుతుంది? మెట్లు ఎగరగొట్టకుండా రాయి." సరే టీచరుగారూ, రాస్తున్నాను.

క్లాసు అంటే మీరు ముప్పై ఏళ్లు బెత్తం పట్టుకుని తిరిగిన క్లాసు కాదు. అచ్చు అనుకోండి, ఇటుకల అచ్చులాంటిది. అచ్చు ఒకటే, తీసిన ఇటుకలు ఎన్నో. మా ప్రోగ్రాంలో కౌంటర్ అని ఒక అచ్చు ఉంది, మీ అబ్బాయిది. గుమస్తా కంప్యూటరు తెర తెరిచినప్పుడల్లా దానిలోంచి ఒక కౌంటరు తయారవుతుంది. రోగుల జాబితా, డాక్టర్ల వేళలు, గదుల బొమ్మలు, అన్నీ మోసే పెద్ద శాల్తీ అది. వరుస నా అచ్చు. దానిలోంచి వచ్చేది చిన్న చీటీ, నంబరూ టైమూ, అంతే.

మామూలుగా ఒక్కో క్లాసుకి ఒక్కో ఫైలు ఉంటుంది, ఫైలు పేరూ క్లాసు పేరూ ఒకటే. దాన్ని టాప్ లెవెల్ క్లాసు అంటాం. వేరే ఇల్లు, గుమ్మం మీద సొంత పేరు. కానీ ఒక క్లాసుని ఇంకో క్లాసు లోపల కూడా రాయొచ్చు. అప్పుడు దానికి సొంత ఫైలు ఉండదు. బయటివాళ్లు పిలవాలంటే ముందు పెద్ద దాని పేరు చెప్పి, చుక్క పెట్టి, తర్వాత దీని పేరు చెప్పాలి. కౌంటర్ చుక్క వరుస. మన పేర్లకి ముందు ఇంటిపేరు ఉన్నట్టే.

పెళ్లైన కొత్తలో మాకు ఒకటే బల్ల ఉండేది, మీరు వచ్చినప్పుడు చూశారు కదా, కాలు ఊగేది. ఆ బల్ల దగ్గర నేను వరుసకి కొత్త ఫైలు తెరవబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని, "నీకు వేరే ఫైలెందుకు? నా దాంట్లోనే రాసెయ్. మనిద్దరం వేరా ఏంటి?" అన్నారు. ఆ మాటకి నేను మురిసిపోయాను. రెండు రోజులు మురిసిపోయాను, సిగ్గు లేకపోతే సరి.

ఇప్పుడు అసలు మెట్టు. లోపల ఉండటంలో మళ్లీ రెండు రకాలున్నాయి. ముందు "స్టాటిక్" అని రాస్తే ఒక రకం. దానికి ఇంటిపేరు మాత్రమే పెద్దదాన్నుంచి వస్తుంది, మిగతాదంతా దాని బతుకు దానిదే. కౌంటరు ఒక్కటి కూడా తయారు కాకపోయినా చీటీ పుట్టగలదు. ఆ మాట రాయకపోతే రెండో రకం, ఇన్నర్ క్లాసు అంటాం. దాంట్లో ప్రతి చీటీ ఏదో ఒక కౌంటరుకే పుట్టాలి. పుట్టగానే కంప్యూటరు ఆ చీటీ నుంచి ఆ కౌంటరుకి ఒక దారం కట్టేస్తుంది. మనం రాయం, మనకి కనపడదు, కానీ ఉంటుంది. దానివల్ల సుఖమూ ఉంది. కౌంటరు దాచుకున్నవన్నీ చీటీ అడక్కుండా తీసుకోవచ్చు, బీరువా తాళాలు ఇమ్మనక్కర్లేదు. కానీ చీటీ బతికున్నంతసేపూ ఆ దారం తెగదు.

మరి నష్టమేమిటంటారా? కంప్యూటరు తన గది తనే ఊడ్చుకుంటుంది. ఎవరూ పట్టుకోని వస్తువు కనపడితే తీసి పారేస్తుంది, ఎవరో ఒకరు పట్టుకునుంటే ముట్టుకోదు. గుమస్తా తెర మూసేశాక ఆ కౌంటరుతో ఎవరికీ పని లేదు, పారేయాలి. కానీ బోర్డు కోసం చీటీలని దాస్తాం కదా, ఆ చీటీ ఒక్కోటి ఒక్కో కౌంటరుని దారంతో పట్టుకుని కూర్చుంది. అరచేతిలో పట్టే చీటీ వల్ల అంతంత కౌంటర్లు గదిలో పేరుకుపోయాయి. మధ్యాహ్నం రెండింటికి కాలు పెట్టే జాగా లేక కంప్యూటరు ఆగిపోయింది. ఇన్నేళ్లూ మావన్నీ చిన్న చిన్న క్లినిక్కులు, సాయంత్రం మూసేసి కంప్యూటరు ఆపేసేవాళ్లు, గది ఖాళీ అయిపోయేది. ఈ పెద్ద ఆసుపత్రిలో కంప్యూటరు ఆపరు, చీటీలు పారేయరు. అందుకని ఇప్పుడు బయటపడింది.

ఆ ఒక్క మాట ఉండి ఉంటే ఇదేమీ జరిగేది కాదు. నేను రాశాను అత్తయ్యా. ఆయన ఫైల్లో, ఆయన ఇంటిపేరు కింద ఉండటానికి ఒప్పుకున్నాను గానీ ముందు స్టాటిక్ అని రాసే ఒప్పుకున్నాను. లోపలున్నా నా కాళ్ల మీద నేనుంటానని. దాన్ని మీ అబ్బాయి చెరిపేశారు. ఆయనకి ఏదో అవసరం పడి ఉంటుంది, నా మాట అడ్డొచ్చి ఉంటుంది, తీసేసి ఉంటారు. నన్నడగాలని కూడా తోచి ఉండదు. పదకొండేళ్లుగా జరుగుతున్నది అదే. సభలో పేరు ఆయనది, తప్పులో పేరు నాది. ఇంతకన్నా దారుణం ఏముంటుంది?

ఏ రోజు ఎవరు ఏ వాక్యం మార్చారో కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది, దాన్ని హిస్టరీ అంటాం. సోమవారం ఆఫీసుకి వెళ్లి ఆ పేజీ ప్రింటు తీస్తాను. తీసి ఆసుపత్రివాళ్లకి పంపుతాను, తప్పు చేసింది ఎవరో చూసుకోండి అని. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. ఇన్నాళ్లూ దొరగా ఉన్నారు, చాలు. ఆ కాగితం చేతిలో పెట్టుకునే విడిపోవాలని నిశ్చయించుకున్నాను. మీకు ముందే చెప్పడం నా మర్యాద.

మీ కోడలు, ప్రస్తుతానికి


ఆదివారం

అమ్మాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అత్తగా చదివితే ఒళ్లు మండింది. కాసేపాగి టీచరుగా చదివితే పాఠం అర్థమైంది. పాఠం బాగానే చెప్తావు. పదకొండేళ్లు, పదకొండేళ్లు అని అన్నిసార్లు రాయక్కర్లేదు, ఒకసారి చాలు, నాకు లెక్కలు వచ్చు.

కానీ ఒక సంగతి. స్టాటిక్ అనేది వాడే తీసేశాడని రాశావు. తర్వాతి పేరాలో, సోమవారం వెళ్లి హిస్టరీ చూస్తానని రాశావు. అంటే ఇంకా చూడలేదన్నమాట. చూడకుండానే మార్కులు వేసేశావా? జవాబు తప్పొస్తే చివరి మెట్టు పట్టుకుని ఏడవకండ్రా, మొదటి మెట్టు నుంచి దిద్దుకోండి అని ముప్పై ఏళ్లు అరిచాను. నా గొంతు పోయింది అందుకే. నువ్వు కూడా అదే చేస్తున్నావు. పంపే ముందు చూడు. చూశాక కూడా పంపాలనిపిస్తే పంపు. వాడు నా కొడుకే, అలాగని వాడి లెక్క రైటని నేను టిక్కు పెట్టను.

ఇంకో మాట. నీ మూడు రకాలు చదువుతుంటే మీ మామయ్య గుర్తొచ్చారు. ఆయన పోయి తొమ్మిదేళ్లైంది. నేనేమీ పట్టుకుని లేను, కాలం ఊడ్చుకుపోయింది. ఆయన ఇంటిపేరు మాత్రం నా పేరు ముందు అలాగే ఉంది, దాని వెనక నేనూ ఉన్నాను, రోజూ అన్నం తింటున్నాను. అంటే నేను నీ స్టాటిక్ రకం అన్నమాట. చెడ్డ బతుకేం కాదు.

కాబట్టి నా మాట విను. వాడితో నీకు పడకపోతే వాడింటికి వెళ్లకు. నా దగ్గరికి వచ్చెయ్. రెండు గదులున్నాయి, ఒకటి నీకు. ఇంటిపేరు ఉంటుంది, వాడుండడు. నా దగ్గర ఒకటికి రెండు కుర్చీలున్నాయి.

అత్తయ్య
(వాడితో నీకేమైనా సరే)


గురువారం

అత్తయ్యా,

ఇంకో పిలుపు ఏదీ తోచక ఇలాగే మొదలుపెట్టాను.

మీ ఉత్తరం అందాక, ఈ సోమవారం ఆఫీసుకి వెళ్లాను. భూతద్దం లేచి తన కుర్చీ నాకిచ్చి వెనక నిలబడింది. మీరు చెప్పినట్టే చివర్నుంచి కాకుండా మొదటి మెట్టు నుంచి చూశాను. మొదటి రోజు ఎంట్రీలో వరుస ఉంది, దాని ముందు స్టాటిక్ ఉంది. రాసింది నేను. "చూశావా, చెప్పలేదూ?" అన్నాను భూతద్దంతో, ఏదో గెలిచినట్టు. ఒక్కో నెలా దాటుకుంటూ వచ్చాం. మొదటి నాలుగేళ్లూ ఆ మాట అక్కడే ఉంది. ఆ తర్వాత ఒక బుధవారం నాడు లేదు. పక్కన ఎవరు తీశారో ఉంటుంది కదా, నా పేరుంది.

మార్చినప్పుడు ఎందుకు మార్చామో ఒక ముక్క రాయాలి. కింద రాసి ఉంది. "అడ్డుగా ఉంది, తీసేశాను."

"ఎవరైనా నీ పేరుతో చేసుండొచ్చు కదక్కా," అంది భూతద్దం. మంచి పిల్ల. కానీ ఎవరూ చేయలేదు. "అడ్డుగా ఉంది" అనేది నా మాటే. కుర్చీ అయినా, గిన్నె అయినా, మీ కళ్లజోడు అయినా నేననేది అదే, మీరే ఎన్నిసార్లు వెక్కిరించారు.

ఎందుకు తీశానో కూడా అక్కడే దొరికింది. ఆ వారమే చీటీ పైన కంపెనీ పేరు అచ్చవ్వాలని ఆయన అడిగారు. మన కంపెనీ పేరంటే మీ ఇంటిపేరే కదా. ఆ పేరు కౌంటరు దగ్గర ఉంటుంది. చీటీ స్టాటిక్ కాబట్టి దానంతటది తీసుకోలేదు, కౌంటరు చేతికందించాలి. అలా రాయాలంటే ఒక పూట పని. ఆ ఒక్క మాట చెరిపేస్తే ఒక నిమిషం పని. నేను చెరిపేశాను. ఆయన ఇంటిపేరు నా చీటీ నెత్తిన పెట్టడానికి నా చేత్తో నేనే తీసేశాను అత్తయ్యా. ఆ బుధవారం ఏం జరిగిందో ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లేదు. ఏమీ జరిగి ఉండదు. టీ తాగి ఉంటాను.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని మీకు ఆరు పేజీలు రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. తిన్నగా ఆయన గదిలోకి వెళ్లాను.

"స్టాటిక్ తీసింది నేనే," అన్నాను.

"తెలుసు," అన్నారు.

"ఎప్పట్నుంచి?"

"రిపోర్టు రాసేటప్పుడే చూశాను."

"మరి ఆ రోజు 'నేనా' అన్నారెందుకు? 'నువ్వే' అనొచ్చుగా?"

"నువ్వంత గట్టిగా అనేసరికి నాకే అనుమానమొచ్చింది. మళ్లీ వెళ్లి చూశాను, నీ పేరే ఉంది. ఇంటికొచ్చేసరికి నువ్వు సంచులు సర్దేసుకున్నావ్. ఇంకేం చెప్పను?"

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. తప్పైపోయిందన్నాను. నిజంగానే అన్నాను. ఆయన మొహం కూడా మెత్తబడింది. "పోనీలే, జరిగిందేదో జరిగింది. పద, ఇంటికెళ్దాం," అని తాళాలు తీసుకున్నారు. నేను లేచాను. సంచులు ఎప్పుడు తెచ్చుకోవాలో కూడా ఆలోచించాను. గుమ్మం దాకా వచ్చి, పోట్లాటకి కాదు, ఊరికే అడిగాను.

"హిస్టరీ చూశానన్నారు కదా. ఆ ఒక్క వాక్యమే చూశారా, మిగతాది కూడా చూశారా?"

"మిగతాదేంటి?"

"వరుసలో ఏ వాక్యం పక్కన చూసినా నా పేరే ఉంటుంది. కౌంటర్లో కూడా సగం వాక్యాల పక్కన ఉంటుంది."

"తప్పెక్కడుందో చూసుకున్నా గానీ, అదంతా నేనెందుకు చూస్తాను?" అన్నారు.

వెటకారం లేదు, కోపం లేదు. అర్థం కాకే అడిగారు. నేను వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. "ఏమైంది? పద," అన్నారు. "మీరు వెళ్లండి, నాకు పనుంది," అన్నాను. ఆయన వెళ్లారు.

ఆయన అబద్ధం రాసి ఉంటే తిరిగి వెళ్లేదాన్నేమో. అబద్ధమైతే ఎప్పటికైనా ఒప్పుకోవచ్చు, కాళ్లబేరానికి రావచ్చు, నేను క్షమించొచ్చు. ఆయన రాసింది నిజం. అన్ని పేజీల్లో ప్రతి వాక్యం పక్కనా నా పేరుంటే, నేను తప్పు చేసిన ఒక్క చోటే ఆయనకి కనపడింది. ఆయన అది కూడా కావాలని చేసింది కాదు. ఆ సంగతి ఎలా చెప్పి పోట్లాడాలో నాకు తెలియడం లేదు.

ఆ రోజూ మర్నాడూ కూర్చుని వరుసని బయటికి తీశాను. కొత్త ఫైలు తెరిచాను. పదకొండేళ్ల కిందట (ఇదే ఆఖరుసారి) తెరవబోయి ఆపేసిన ఫైలు. తీయగానే కంప్యూటరు నలభై మూడు తప్పులు చూపించింది. నలభై మూడు చోట్ల నేను ఆయన సొత్తు అడక్కుండా వాడుకున్నానన్నమాట. అంతా నేనే చేశానని మీకు డప్పు కొట్టాను కదా, ఆ నలభై మూడు మార్కులు కోసుకోండి. ఆయన వైపు కూడా తప్పులొచ్చాయి, నా దాంట్లో చెయ్యి పెట్టి తీసుకున్న చోట్లు. అవెన్నో లెక్కపెట్టాను గానీ మీకు చెప్పను, కన్నతల్లి కదా. ఒక్కోటీ విప్పుకుంటూ పోయాను. ఇప్పుడు వరుస ఎవర్నీ పట్టుకుని లేదు. ఫైలు నెత్తిన "రాసినవారు" అని నా పేరు పెట్టాను, ఒంటి పేరు, ముందు ఏమీ లేకుండా. పని పూర్తయ్యాక దాన్ని ఆసుపత్రి కంప్యూటర్లో ఎక్కించి, ఆయన బల్ల మీద రాజీనామా పెట్టాను. ఆసుపత్రివాళ్లకి కూడా ఉత్తరం రాశాను, లోపం నాదే, రిపోర్టులో రాసింది నిజమే అని. ఆ ముసలాయనకి రాయాల్సింది, చిరునామా లేదు.

ఈ రోజు పొద్దున్న ఆసుపత్రికి వెళ్లాను. కళ్లు బాగానే ఉన్నా చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాను. రెండు దాటింది, మూడు దాటింది, బోర్డు ఆగలేదు. పక్కనున్నావిడ "ఎంతొచ్చిందమ్మా?" అని అడిగినప్పుడల్లా కొత్త నంబరు చెప్పాను. ఆ ముసలాయన కనపడతాడేమోనని చూశాను. వచ్చినా నేనెలా పోల్చుకుంటాను?

ఆ చీటీ ఈ కవర్లోనే పెట్టాను. చూడండి, నంబరుంది, టైముంది. పైన మీ ఇంటిపేరు ఉండే చోటు ఖాళీగా ఉంది. నేను తీసేయలేదు. కౌంటరు పేరు చేతికిస్తే వరుస వేస్తుంది, లాక్కోదు. ఇవ్వాలంటే ఆయన తన ఫైల్లో ఒక్క వాక్యం రాయాలి. ఆ సంగతి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి రాజీనామాకి పిన్ను కొట్టాను. భూతద్దాన్ని అడిగితే, రాజీనామా తీసి చదివారట, వెనక కాగితం తిప్పలేదట. ఆసుపత్రి నిండా పేరు లేని చీటీలు తిరుగుతున్నాయి. ఎప్పుడు చూసుకుంటారో చూద్దాం.

మీ రెండో గది సంగతి. మీరున్న చోటు కాబట్టి ఆశగానే ఉంది. కానీ ఆ స్టాటిక్ రకానికి కూడా పిలిచేటప్పుడు ముందు ఆ ఇంటిపేరే పలకాలి అత్తయ్యా. మీకు అలవాటైంది. నాకిప్పుడు గుమ్మం మీద ఒంటి పేరుతో ఉండి చూడాలనుంది. కింద ఆకురాయి మోతకి పేరు పెట్టి పిలిచినా వినపడదనుకోండి, అది వేరే సంగతి. నిన్న ఇంకో కుర్చీ కొన్నాను. మీరు వస్తే మంచం మీద కూర్చోనక్కర్లేదు.

సంతకం దగ్గరికొచ్చి ఆగిపోయాను. "మీ కోడలు" అని రాయబోయాను. కోడలు అనే మాట మీ అబ్బాయి మీదుగా తిరిగి మీ దగ్గరికి వస్తుంది, తిన్నగా రాదు. తిన్నగా వచ్చే మాట ఒకటి ఉండే ఉంటుంది, నాకు రావడం లేదు. అన్ని వరుసలూ రాసినదాన్ని, ఇదొక్కటీ తెలియలేదు. మీరు ముప్పై ఏళ్లు పిల్లలకిచ్చిన ప్రశ్నే మీకిస్తున్నాను. ఎర్ర పెన్నుతోనే రాసి పంపండి.

ఇట్లు,
మీ ......................
(ఖాళీని పూరింపుము)